పేరు మొత్తం చెప్పు

నరీన్ పట్నంలో జనవరి.
ఆసుపత్రి కుళాయి నీళ్ళు వేళ్ళను కొరుకుతాయి.
అయినా కడుక్కోవాలి,
బొటనవేలి మొదలు, గోళ్ళ సందులు, మణికట్టు దాకా,
ఒక మంచం వదిలి ఇంకో మంచం దగ్గరికి పోయే ప్రతిసారీ.
జీబెక్ అంటే పట్టు అని అర్థం.
జీబెక్ అక్క చేతులు మాత్రం
పాతబడి బీటలిచ్చిన గుర్రపు జీను.
"నా తోలు ఊడితే మళ్ళీ వస్తుంది" అంటుంది
గొర్రె కొవ్వు రాసుకుంటూ ఇంటికెళ్ళే ముందు,
"వాళ్ళ పుండులోకి నేను మోసుకెళ్ళింది
అంత తేలిగ్గా పోదు."

నాకిది మొదటి చలికాలం. నేనింకా ఆమె నీడని.

పదింటికి ఏడో పడక ఎడమకి.
పన్నెండింటికి వెల్లకిలా.
రెండింటికి కుడికి.
లాగకూడదు, ఇద్దరం కలిసి దొర్లించాలి.
దుప్పటి కింద వదిలేసిన ఒక్క ముడత
తెల్లారేసరికి వీపు మీద ఎర్రగా తేలుతుంది.
పిక్కల కింద దిండు పెట్టి
మడమల్ని గాల్లో ఉంచుతాం.
నలభై ఏళ్ళు గుర్రం డొక్కల్ని అదిలించిన మడమలు
ఇప్పుడు మెత్తటి పరుపుకే కమిలిపోతున్నాయి.

ఇక ఆ సాయంత్రం సంగతి.

కిటికీ సందులోంచి గాలి కోస్తోందని
నాలుగో పడక తాత, ఐదో పడక తాత
మాతో ఒక్క మాట చెప్పకుండా చోట్లు మార్చుకున్నారు.
దగ్గేవాడికి వెచ్చటి చోటు ఇవ్వడం
కొండ మీద గుడారంలో మర్యాద.

ఇద్దరూ తుర్దుబెక్‌లే.
ఒకరు అసనొవ్, ఒకరు ఉసెనొవ్.
తుర్దు అంటే నిలిచాడు అని.
ముందు పుట్టినవాళ్ళు దక్కని ఇంట్లో
చావుకి వినపడేలా పెట్టుకునే పేరు.

అసనొవ్‌కి చక్కెర జబ్బు. ఉసెనొవ్‌కి నెమ్ము.

సిరంజిలో ఇన్సులిన్, పన్నెండు యూనిట్లు.
నాలుగో మంచం. "తుర్దుబెక్ తాతా?" అన్నాను.
తల ఊపాడు.
చెవులు మందగించిన మనిషి
తెల్లకోటు ఏమడిగినా తల ఊపుతాడు.
అవునని కాదు, ఎందుకులే అని.

దూదితో తుడుస్తున్నాను.
నా మణికట్టు మీద జీను తోలు పడింది.

అక్క అరవలేదు.
తాత ముందు వంగి, పెదాలు కనపడేలా,
"పేరు మొత్తం చెప్పు తాతా. ఎప్పుడు పుట్టావు?"
"ఉసెనొవ్ తుర్దుబెక్. గొర్రె సంవత్సరం.
మంచు కరిగే నెల అని అమ్మ చెప్పేది."
చొక్కా చెయ్యి పైకి లాగి
పట్టీ మీద అక్షరం అక్షరం నాచేత చదివించింది.
నా చేతిలోని చీటీ మీద: అసనొవ్.

రాత్రి కూడు అతను ముట్టనే లేదని
తర్వాత తెలిసింది.
నా కాళ్ళు అప్పుడు వణికాయి, అప్పటిదాకా కాదు.

"ఏమీ కాలేదు కదక్కా. రాయాలా?"
"ఏమీ కాలేదు కనకే రాయాలి.
అయ్యాక రాసే కాగితం వేరే ఉంటుంది."

నా తప్పు అని మొదలుపెట్టబోతే కలం ఆపింది.
ముందు ఇవి రాయమంది:
పడకలు మారాయి.
పేర్లు ఒకటే.
చీటీ మంచానికి కట్టాం, మనిషికి కాదు.
కిటికీ బాగుచేయమని శరత్కాలంలోనే అడిగాం.
అన్నీ రాశాక, అడుగున,
ఆమె చెప్పకుండానే ఒక ముక్క కలిపాను:
అవును అనిపించే ప్రశ్న అడిగాను.

తర్వాత అసలు తుర్దుబెక్‌కి అసలు మందు.
మూత పెట్టకుండా సూది పసుపు డబ్బాలోకి.
మళ్ళీ కుళాయి. మళ్ళీ ఆ నీళ్ళు.

రెండింటికి ఏడో పడకని కుడికి తిప్పి వస్తుంటే
ఉసెనొవ్ తాత మేలుకుని ఉన్నాడు.
చెప్పులు అతని కాళ్ళు దిగే చోటికి జరిపాను,
మంచం పక్క కమ్మీ పైకెత్తి గొళ్ళెం పడిందో లేదో
ఊపి చూశాను.

"నీ పేరేంటి పిల్లా?"
"మేరిమ్."
"మొత్తం చెప్పు" అన్నాడు, నవ్వకుండా.

చెప్పాను.
గట్టిగా, అతని మంచి చెవి వైపు.